ఒత్తిడి వల్ల చక్కెర పెరుగుతోంది, నడవాలన్న ఉత్సాహం తగ్గుతోంది

ప్రశ్న:

నాకు రెండో రకం మధుమేహం ఉన్నట్లు తెలిసి నాలుగేళ్లయింది. మెట్‌ఫార్మిన్ మాత్రలు మాత్రమే వాడుతున్నాను. ఆరు నెలలుగా ఉద్యోగంలో పని భారం పెరిగింది, ఇంట్లో పెద్దవారి అనారోగ్యం కూడా దానికి తోడవడంతో రాత్రిపూట నిద్ర సరిగా పట్టడం లేదు. ఆహారంలో ఏ మార్పూ లేకపోయినా, పరగడుపున 130 దగ్గర ఉండే చక్కెర ఇప్పుడు 160 దాటుతోంది. గంటసేపు నడిచిన మర్నాడు కూడా అదే అంకె కనిపిస్తే, ఇంత శ్రమపడి ఏం లాభమన్న నిరాశతో వారం రోజులు నడక మానేస్తున్నాను, మానేసినందుకు మళ్లీ నన్ను నేనే నిందించుకుంటున్నాను. ఇలాంటి స్థితి నుంచి బయటపడినవారు ఎలా మొదలుపెట్టారో దయచేసి చెప్పగలరా?

మొదటి సమాధానం:

మీ పరగడుపు అంకెను మీ శ్రమకు వచ్చిన మార్కులుగా చూడవద్దని ముందుగా కోరుతున్నాను. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఎక్కువగా విడుదలయ్యే అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు కాలేయంలోని చక్కెరను రక్తంలోకి వదిలేలా చేయడమే కాక, ఇన్సులిన్ ప్రభావాన్ని కూడా తగ్గిస్తాయి. నిద్ర చాలకపోయినా ఇన్సులిన్ ప్రభావం తగ్గుతుంది. పైగా తెల్లవారుజామున ఈ హార్మోన్లలో కొన్ని సహజంగానే పెరుగుతాయి కాబట్టి, నిన్నటి నడక ఫలితాన్ని ఈ ఉదయపు అంకెలో వెతకడం సరికాదు.

నన్ను తిరిగి నడిపించింది భోజనానంతర పరీక్ష. ఒకే రకమైన భోజనం చేసిన రెండు రోజులను ఎంచుకుని, ఒక రోజు తిన్న కాసేపటికి 15 నిమిషాలు నడిచి, మరో రోజు నడవకుండా, రెండు గంటల తర్వాత చూసుకున్నాను. నడిచిన రోజు అంకె స్పష్టంగా తక్కువగా ఉంది. పనిచేస్తున్న కండరాలు ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే రక్తంలోని చక్కెరను తీసుకోగలవు. ఫలితం అదే పూట కళ్లకు కనిపించడంతో, మర్నాడు నడవడానికి నాకు వేరే ప్రోత్సాహం అవసరం లేకపోయింది. నడక ప్రభావం కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల వరకు మిగిలి ఉంటుంది. అందువల్లనే వరుసగా రెండు రోజులకు మించి మానవద్దని వైద్యులు సూచిస్తారు.

రెండో సమాధానం:

పై సలహా బాగుంది. అయితే నాలాగా ఇన్సులిన్ గానీ, శరీరంలో ఇన్సులిన్ విడుదలను పెంచే గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు నడకకు ముందు చక్కెర చూసుకోవాలి. 90 కంటే తక్కువగా ఉంటే ముందు కొంచెం తినడం మంచిది. 70 కంటే తగ్గితే త్వరగా ఒంటబట్టే చక్కెర 15 గ్రాములు తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. కేవలం మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఇలా చక్కెర మరీ పడిపోయే ప్రమాదం చాలా తక్కువ. పాదాల్లో తిమ్మిరి ఉంటే సరైన బూట్లు వేసుకుని, తిరిగి వచ్చాక పాదాలను పరిశీలించుకోండి. కంటి రెటీనా దెబ్బతిన్నవారు బరువులు ఎత్తే ముందు కంటి వైద్యుని అనుమతి తీసుకోవాలి. తీవ్రమైన వ్యాయామం తర్వాత చక్కెర కాసేపు పెరగవచ్చు. ఆ సంగతి తెలియక నేను ఒకప్పుడు భయపడి నెల రోజులు వ్యాయామం వదిలేశాను.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేయాలనే లెక్క వినగానే నాకు అసాధ్యమనిపిస్తుంది. పది నిమిషాల నడక లెక్కలోకి వస్తుందా?

మూడో సమాధానం:

తప్పకుండా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామాన్ని సూచిస్తూనే, అసలు చేయకపోవడం కంటే కొంచెమైనా చేయడం మేలని స్పష్టంగా చెప్పింది. రోజుకు రెండు భోజనాల తర్వాత పదేసి నిమిషాలు నడిస్తే వారానికి 140 నిమిషాలవుతుంది. బాగా అలసిపోయిన రోజున ఐదు నిమిషాలే నడిచి వచ్చేయండి, గంట నడవలేదన్న కారణంతో ఆ ఐదు నిమిషాలనూ వదులుకోకండి.

మరొక విషయం. జబ్బును సంభాళించడంలోనే మనసు అలసిపోవడం మధుమేహం ఉన్నవారిలో తరచుగా కనిపించేదే, దానిని వైద్యులకు చెప్పుకోవడంలో సంకోచం అక్కర్లేదు. ఆరు నెలలుగా పరగడుపు అంకె పెరిగి ఉందంటే మందులో మార్పు అవసరం కావచ్చు. గత రెండు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుని, నిద్ర సంగతి, ఇంటి పరిస్థితి కూడా దాచకుండా ఈ వారంలోనే మీ వైద్యుని ముందు పెట్టండి.