డీర్ హంటింగ్‌కి ఫ్లింట్‌లాక్ కొనాలి, ఏం చూసి కొనాలో చెప్పండి

ప్రశ్న: అందరికీ నమస్తే. మేం పిట్స్‌బర్గ్ దగ్గర ఉంటాం, రెండేళ్ళుగా ఆఫీసు వాళ్ళతో రైఫిల్ సీజన్‌లో డీర్ హంటింగ్‌కి పోతున్నా, ఈసారి క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే ఫ్లింట్‌లాక్ సీజన్‌కి కూడా పోదామని ఉంది. అందులో క్యాప్ గన్‌లు (చిన్న పేలుడు మూతతో పేలేవి), ఇన్‌లైన్‌లు (మూతి నుంచి మందు నింపే కొత్తరకం గన్‌లు) కుదరవు, చెకుముకి రాయితో పేలేదే ఉండాలట. గన్ షోలో ఒకటి చూశా, ఇత్తడి పని మెరిసిపోతోంది, 350 డాలర్లు అంటున్నాడు. తీసుకోనా? తీరా ట్రిగ్గర్ నొక్కాక టిక్కుమని ఊరుకుంటుందేమోనన్నదే నా భయం.

జవాబు: ఇత్తడిని చూసి పడిపోకు తమ్ముడూ. ఫ్లింట్‌లాక్‌లో డబ్బు పెట్టాల్సింది లాక్ (రాయిని కొట్టి నిప్పు పుట్టించే భాగం) మీద, మిగతాదంతా తర్వాత. నేను మొదట కొన్నది చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉండేది, మూడుసార్లు కొడితే ఒకసారి పేలేది, ఆ ఏడాదంతా అడవిలో చలికి వణకడమే మిగిలింది.

ముందు రామ్‌రాడ్ (గుండుని లోపలికి తోసే కడ్డీ) బ్యారెల్‌లోకి వదిలి ఎంత దిగిందో వేలితో గుర్తు పెట్టుకో, బయటికి తీసి బ్యారెల్ పక్కన ఆనించి చూడు, కొస టచ్ హోల్ (నిప్పు లోపలికి పోయే చిన్న రంధ్రం) దాకా రావాలి. రాలేదంటే లోపల ఏదో ఉన్నట్టే, లోడ్ చేసి మర్చిపోయిన పాత గన్‌లు నిజంగానే అమ్మకానికి వస్తుంటాయి. ఖాళీ అని తేలాకే చీకట్లో కొట్టి చూడు. రాయి ఫ్రిజెన్ (రాయి తగిలే స్టీల్ పలక) పైభాగాన తగిలి కిందిదాకా గీరుకుంటూ రావాలి, నిప్పురవ్వలు గుత్తిగా పాన్‌లోనే (మొదట అంటుకునే ప్రైమింగ్ పౌడర్ వేసే చిన్న గిన్నె) పడాలి. ఫ్రిజెన్ మీద గాడులు పడిపోయి ఉంటే స్టీల్ మెత్తబడినట్టు, మళ్ళీ హార్డెన్ చేయించాలి. టచ్ హోల్ పాన్ పై అంచుకి సమానంగా ఉండాలి, బాగా కిందకి ఉంటే ప్రైమింగ్ పౌడర్ వత్తిలా కాలుతూ పోయి లేటుగా పేలుతుంది, ఈలోగా నీ గురి కదిలిపోతుంది. రాయి కూడా మంచిది కొను, ఇంగ్లీష్ బ్లాక్ ఫ్లింట్ అయితే నాకు కోసిన అగేట్ కన్నా బాగా పనిచేసింది.

ప్రశ్న: థాంక్స్ అన్నా. పౌడర్ పైరోడెక్స్ సరిపోతుందా? బ్యారెల్ సంగతేంటి?

జవాబు: పైరోడెక్స్ వద్దు, అది బ్లాక్ పౌడర్‌కి బదులు వాడే మందు, అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, పాన్‌లో మంట దానికి చాలదు. అసలైన బ్లాక్ పౌడరే కావాలి (తెలుగులో నల్లమందు అని మాత్రం అడక్కు, పోలీసులు వస్తారు). లోపలికి 3ఎఫ్ (సన్న రవ్వ), పాన్‌లోకి 4ఎఫ్ (ఇంకా సన్నది) కొంచెమే, పాన్ నిండా పొయ్యకు. పెన్సిల్వేనియాలో 44 కాలిబర్‌కి (బ్యారెల్ లోపలి వెడల్పు, అంగుళంలో వందో వంతుల్లో) తగ్గకూడదు, నువ్వు 50 తీసుకో. గుడ్డలో చుట్టిన రౌండ్ బాల్ కొట్టాలంటే ట్విస్ట్ (బ్యారెల్ లోపలి గాడుల మెలిక) నెమ్మదిగా, 60 లేదా 66 అంగుళాలకి ఒక చుట్టు ఉండాలి, 28కి ఒకటి ఉన్నవి పొడుగు బుల్లెట్లకి. 48 అయితే మధ్యస్తం, రెండూ ఓ మాదిరిగా నడుస్తాయి. రౌండ్ బాల్ స్పీడ్ తొందరగా పోతుంది కాబట్టి 75 గజాలు దాటితే నేనైతే కొట్టను.

ఇంకొకరు: మధ్యలో వస్తున్నా, మీది కుడి చేయా ఎడమా? ఎడమ భుజం మీద పెట్టి కొట్టేవాళ్ళకి మామూలు లాక్ ఉంటే పాన్ మంట సరిగ్గా ముఖం ముందే లేస్తుంది.

ప్రశ్న: అయ్యో, నాది ఎడమ చేయే!

జవాబు: అది ముందు చెప్పాలి కదయ్యా! అయితే లెఫ్ట్ హ్యాండ్ లాక్ ఉన్నదే వెతుకు, లైమన్ గ్రేట్ ప్లెయిన్స్‌లో వచ్చేది, యూజ్డ్‌లో చూడు. ఏ చేయైనా కళ్ళద్దాలు లేకుండా మాత్రం కొట్టకు. వాన, మంచు ఉంటే లాక్ మీద తోలు కవర్ కట్టు, పాన్‌లో పౌడర్ చెమ్మగిల్లకుండా గంటకోసారి మార్చు. ఇంటికొచ్చిన రోజే సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టి నూనె పట్టించు, తెల్లారేదాకా వదిలేస్తే తుప్పే.

ప్రశ్న: ఇవాళ మళ్ళీ గన్ షోకి పోయా అన్నా. ఎడమ చేతిది కాదు కాబట్టి కొనేది లేదు, అయినా ఊరికే రామ్‌రాడ్ వేసి చూశా. రెండంగుళాలు తక్కువ దిగింది. అమ్మేవాడి మొహం తెల్లబోయింది.

జవాబు: చూశావా! అతను దాన్ని పేల్చి ఖాళీ చేద్దామనుకుంటాడేమో, వద్దను. పాన్ తుడిచి రాయి ఊడదీసి గన్‌స్మిత్ దగ్గరికి పట్టుకెళ్ళమను, బాల్ ఆయనే బయటికి తీస్తాడు. పొడిగా ఉంటే ఆ పౌడర్ ఎన్నేళ్ళయినా అంటుకుంటుంది.