వెనక మరా, వెనక మూతా?

శారద: ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగి (వెనక నుంచి గుండు నింపే పాతకాలపు బ్రిటిష్ ఫిరంగి) గురించి మా తాతగారు అనే మాటొకటి సగమే గుర్తుంది: “వెనక మర, ముందు మోత”. ‘మర’ కాదు ‘మూత’ అని మా అక్క పట్టుపడుతోంది. ఎవరైనా విన్నారా?

రామ్మూర్తి: మూతేనమ్మా. మూ–మో యతిమైత్రి చక్కగా ఉంది. మ–మో కుదరదు.

సుధాకర్: సామెతలాంటి మాటకి యతి ఎందుకండీ? ముందు ఆ ఫిరంగిని చూడండి. వెనక బోలుగా ఉండే పెద్ద మర, అంటే స్క్రూ. గుండూ మందూ దాంట్లోంచే లోపలికి తోస్తారు. పైనుంచి ఒక ఇనప దిమ్మ దించి, అదే మరతో గట్టిగా బిగిస్తారు. గుండుకి సీసం పూత ఉంటుంది, అది గొట్టం లోపల మెలితిరిగిన గాడులను పట్టుకుని గిరగిరా తిరుగుతూ వెళ్తుంది. చూసినవాడు మర అనే అంటాడు.

రామ్మూర్తి: ఆ దిమ్మే కదండీ మూత! 1863 ఆగస్టులో జపాన్‌లోని కగోషిమా మీద బ్రిటిష్ ఓడలు కాల్పులు జరిపినప్పుడు 21 ఫిరంగులు 365 గుళ్లు పేలిస్తే 28 ప్రమాదాలు. దిమ్మలు ఊడి వెనక్కి ఎగిరాయి. ఫిరంగి దగ్గర నిలబడ్డవాడి ప్రాణమంతా మూత మీదే.

ఇందిర: యతి దాకా ఎందుకు, మూత–మోత ప్రాసయతికీ సరిపోతుంది. రెండూ గురువుతో మొదలై ‘త’తో ముగిశాయి. ఆటవెలదిలో ప్రాసయతి చెల్లుతుంది కాబట్టి వేమన్న చేతిలో పడితే ఇది హాయిగా ఒదిగేది. ఇంత చిన్న పాదాల్లో అంత బరువు మోయించడం ఆయనకే చెల్లింది.

సుధాకర్: వేమన్న సరే. ‘మర’కి యంత్రమనే అర్థం కూడా ఉంది, అది మరిచిపోతున్నారు. మరతుపాకిలో ఉన్నది అదే. తాతగారు అన్నది స్క్రూ కాకపోవచ్చు, వెనకున్న ఏర్పాటంతా కావచ్చు. బ్రౌన్ నిఘంటువు తీయకండి, అది 1852ది. ఈ ఫిరంగి సైన్యంలోకి వచ్చింది ఆ తర్వాతే.

ఇందిర: కానీ వెనక నుంచి నింపడం, గాడులు తీయడం, రెండూ కలిపినవాడు ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్కడే కాదు. 1840ల్లోనే ఇటలీవాడు కవల్లీ, స్వీడన్‌వాడు వారెన్‌డార్ఫ్ ఆ దారి పట్టారు. మాట ఏ ఫిరంగిదో ముందు తేలాలి.

శారద: తాతగారు ఆర్మ్‌స్ట్రాంగ్ పేరే చెప్పేవారు, అందులో సందేహం లేదు. బ్రిటిష్ నౌకాదళం మళ్లీ ముందు నుంచి నింపే ఫిరంగులకి వెళ్లిన సంగతి కూడా చెప్పేవారు. 1879 జనవరిలో థండరర్ ఓడలో అలాంటి ఫిరంగినే పొరపాటున రెండుసార్లు నింపేశారు, అది పగిలి మనుషులు పోయారు. వెనక నుంచి నింపితే ఆ పొరపాటుకి చోటుండదు. అందుకే ‘వెనక’ అనే మాటని ఒత్తి పలికేవారు.

రామ్మూర్తి: అయితే ‘ముందు’ తర్వాత ఉన్నది కూడా ఆలోచించాలి. గొట్టం చివరని మూతి అంటాం కదా. “వెనక మూత, ముందు మూతి” అయి ఉంటుందా? అక్కగారిని ఆ చివరి అక్షరం అడిగి చెప్పండమ్మా.