హాంకాంగ్ వాళ్ల 'లిప్' అక్షరం

ప్రశ్న: హాంకాంగ్‌లో లిఫ్ట్‌కి ప్రత్యేకంగా ఒక అక్షరం ఉందట, నిజమేనా? ఎలా ఉంటుంది?

జవాబు: ఉందండీ. పలకడం 'లిప్'. గొంతు పై స్థాయిలో పెట్టి, చివరి 'ప్' దగ్గర పెదాలు మూసి ఆపేయాలి. బ్రిటిష్ ఇంగ్లీషు లిఫ్టే ఇది. హాంకాంగ్‌లో మాట్లాడే చైనీస్ భాష కాంటనీస్. అందులో మాట చివర 'ఫ్ట్' లాంటి జంట నిలవదు, అందుకే అలా కుదించుకున్నారు.

రాతలో ఎడమవైపు 'బండి' గుర్తు, కుడివైపు 'నిలబడు' గుర్తు. నిలబడి ఎక్కే బండి కాబట్టి అలా రాశారని కొందరు చెబుతారు. వినడానికి బాగానే ఉంది కానీ, ఆ రెండో గుర్తు అసలు పని శబ్దం చెప్పడం. దాన్ని కాంటనీస్‌లో 'లాప్' అంటారు, లిప్‌కి దగ్గర. చైనా అధికార భాష మాండరిన్‌లో అదే గుర్తు 'లీ', చివర 'ప్' లేదు. అంటే ఈ కూర్పు కాంటనీస్ మాట్లాడేవాళ్లకే అతుకుతుంది.

లిఫ్ట్ ఎక్కడం 'దాప్ లిప్', లిఫ్ట్‌లో ఇరుక్కుపోవడం 'క్వన్ లిప్'. ఈ రెండోది వార్తల్లో తరచూ కనిపిస్తుంది. ప్రభుత్వ నోటీసుల్లో, చట్టంలో మాత్రం 'సింగ్ గాంగ్ గేయ్', అంటే ఎక్కి దిగే యంత్రం. అలా అని నోటితో ఎవరూ అనరు.

కంప్యూటర్లో దీనితో పెద్ద తిప్పలు. కంప్యూటర్లో చైనీస్ అక్షరాల కోసం తైవాన్ వాళ్లు చేసిన బిగ్‌5 కోడ్‌లో ఈ అక్షరం లేదు. అన్ని భాషల అక్షరాలకీ ఉమ్మడి కోడ్ అయిన యూనికోడ్‌లో 2001లో చేర్చిన విస్తరణలో ఉంది, కానీ పాత సాఫ్ట్‌వేర్ అంత దూరం చదవలేక ఖాళీ డబ్బా చూపించేది. అందుకే వార్తా సైట్లు బ్రాకెట్లో 'బండి', 'నిలబడు' గుర్తులు పక్కపక్కన పెట్టి, కలిపి చదువుకోమని పాఠకులకే వదిలేసేవి!

ప్రశ్న: లిఫ్ట్‌కి మాండరిన్ మాట 'తియెన్‌తీ' వాడితే గొడవ పోతుంది కదండీ?

జవాబు: పోదు, పెరుగుతుంది. అవే అక్షరాలు హాంకాంగ్‌లో 'దిన్ తాయ్'. అక్కడ చాలామందికి అది ఎస్కలేటర్. లిప్ అంటే ఏ అనుమానమూ లేదు.

ప్రశ్న: మరి మనం బండి ఆపి లిఫ్ట్ అడుగుతాం కదా, దానికీ లిప్పేనా?

జవాబు: కాదు. దానికి 'సన్ ఫుంగ్ చే' అంటారు. మాటకి మాట చెబితే, గాలి వాటం కలిసొచ్చిన బండి.