బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ తర్వాతి ఆల్బమ్ పొట్టిగా ఉంటే బాగుండు, ఏమంటారు?

భీమవరం బేస్: సెంజుట్సు (2021) మళ్లీ విన్నానండి. 80 నిమిషాలు దాటిన డబుల్ ఆల్బమ్, చివరి మూడు పాటలూ బేసిస్ట్ స్టీవ్ హారిస్ రాసినవే, ఒక్కోటీ 10 నిమిషాల పైనే. పాలకొల్లులో రైలెక్కి వాటిలో ఒకటైన 'ద పార్చ్‌మెంట్' పెడితే నరసాపురం దగ్గర పడింది కానీ సోలోలు అవ్వలేదు. ఈసారైనా 1984 పవర్‌స్లేవ్‌లా ఒక్క డిస్క్‌లో కొట్టి వదిలేస్తే చాలదా?

రాజోలు రిఫ్: ఆ పవర్‌స్లేవ్‌లోనే 13 నిమిషాల పాట ఉందిగా గురువుగారూ! నిడివి కాదు గొడవ, ఇప్పుడు ప్రతి పాటకీ అదే మెల్లటి ఇంట్రో, అదే బేస్ మీటుడు, అది తగ్గించమనండి చాలు. 2015లో సింగర్ బ్రూస్ డికిన్సన్ పియానో ముందు కూర్చుని ఆర్101 ఎయిర్‌షిప్ ప్రమాదం మీద 18 నిమిషాల పాట రాస్తే నాకు ఒక్క క్షణం కూడా బోర్ కొట్టలేదు.

అమలాపురం డ్రమ్స్: నా టెన్షన్ వేరే. 1982 నుంచి ఉన్న డ్రమ్మర్ నికో 2024 డిసెంబర్‌లో టూర్లు మానేశాడు, స్టేజి మీద ఇప్పుడు సైమన్ డాసన్. కొత్త ఆల్బమ్‌లో ఎవరు వాయిస్తారో? నికో ఒంటికాలి కిక్ లేకపోతే నాకు అది మెయిడెన్‌లా అనిపించదు, ఆయ్.

రాజోలు రిఫ్: నికో ముందు డ్రమ్మర్ క్లైవ్ బర్ వెళ్లినప్పుడూ ఇదే అని ఉంటారులే బావా.

భీమవరం బేస్: 90లలో బ్రూస్ లేనప్పుడు బ్లేజ్ బేలీ పాడిన ఆల్బమ్‌లు రెండూ ఎవరూ ఎత్తరేంటి? 'ద క్లాన్స్‌మన్' పాట ఆ కాలందే కదా.