మలేరియా మందులు అయిపోయినా జ్వరం పోవట్లేదు, బీహార్ పిల్లోడు, ఇంకేం టెస్టు చేయించాలి?

చీమకుర్తి నుంచి:
అన్నలూ నమస్తే. ఇక్కడ గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని. మా దగ్గర ఇరవై రెండేళ్ల పిల్లోడు ఉండాడు, బీహార్ సారన్ జిల్లా, ఛఠ్ పండక్కి ఊరెళ్లి నెల ఉండి వచ్చాడు, వచ్చిన వారానికే చలిజ్వరం. రక్తపరీక్షలో మలేరియా వైవాక్స్ అని వచ్చింది, క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు నేనే దగ్గరుండి మింగించా. వణుకు పోయింది గానీ జ్వరం పోలా, సాయంత్రమైతే ఒళ్లు కాలిపోతా ఉంది, ఇప్పటికి ఐదు వారాలు. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకి మేకుతో రెండు బొక్కలు పెట్టుకున్నాడు. ఎడమ డొక్క కింద గట్టిగా చేతికి తగులుతుంది, మా అమ్మ చూసి కడుపులో బల్ల (ప్లీహం) పెరిగిందిరా అంది. చూపించిన డాక్టరేమో మలేరియా తేలింది కదా బల్ల కూడా దానిదే అని టానిక్ రాసిచ్చాడు. షెడ్డులో మిగతావాళ్లు వాడి పక్కన పడుకోడానికి భయపడతా ఉన్నారు.

నెల్లూరు, ల్యాబ్ టెక్నీషియన్:
అన్నా ముందు మలేరియా స్లైడ్ మళ్లీ తీయించండి, తిరగబెట్టిందేమో తేలాలి. నెగటివ్ వస్తే మాత్రం ఆగొద్దు. సారన్ అంటున్నారు, అటువైపు కాలా అజార్ ఉంది, లీష్మానియా అనే పరాన్నజీవి, దోమలో మూడో వంతుండే శాండ్‌ఫ్లై కుడితే వస్తుంది. దాంట్లోనూ రోజుల తరబడి జ్వరం, బల్ల, రక్తం తగ్గడం, అచ్చం మలేరియా లాగే. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, ఉగాండాలో ఒక ఆసుపత్రిలో చూస్తే కాలా అజార్ పేషెంట్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి మలేరియా కూడా ఉంది. ఒక జబ్బు దొరికిందని రెండోదాన్ని వెతకడం మానేస్తేనే ప్రాణం మీదికొస్తది. కాలా అజార్‌కి ఆర్‌కే39 అని రాపిడ్ టెస్టు ఉంది, వేలి చుక్క చాలు. మన జిల్లాల్లో ఈ జబ్బు కనపడదు కాబట్టి మీరు నోరు తెరిచి అడక్కపోతే ఎవరికీ తట్టదు.

కావలి నుంచి:
నేను బీహార్‌లోనే ముజఫర్‌పూర్ వైపు నాలుగేళ్లు పనిచేశా. అక్కడ రెండు వారాలు దాటిన జ్వరం, బల్ల ఉంటే, మలేరియా మందుకి తగ్గకపోతే మొదట కాలా అజారే అనుకుంటారు. ఒక్క విషయం, వాడికి చిన్నప్పుడు ఇది వచ్చిందేమో వాళ్లమ్మని ఫోన్లో అడగండి, ఎందుకంటే ఒకసారి వచ్చిపోయినోళ్లకి ఆర్‌కే39 ఏళ్ల తరబడి పాజిటివ్ చూపిస్తది, అప్పుడు బోన్‌మారో (ఎముకలో మూలుగ) తీసి పురుగుని కళ్లతో చూడాల్సిందే. మందుకి భయపడొద్దు, లైపోసోమల్ యాంఫోటెరిసిన్ ఒక్క రోజు సెలైన్‌లో ఎక్కిస్తారు, కిలో బరువుకి 10 మిల్లీగ్రాములు, అక్కడ 2014 నుంచి అదే ఇస్తున్నారు. వదిలేస్తే మాత్రం మనిషి దక్కడు. హెచ్ఐవీ, టీబీ టెస్టులు కూడా చేయించమనండి.

నెల్లూరు, ల్యాబ్ టెక్నీషియన్:
షెడ్డులో వాళ్లకి చెప్పండన్నా, పక్కన పడుకుంటే, కంచంలో తింటే రెండూ అంటుకోవు. దోమతెర కట్టండి చాలు. పిల్లోణ్ణి ఒంటరిగా వదిలేయడమే పెద్ద పాపం.

చీమకుర్తి నుంచి:
వాళ్లమ్మతో మాట్లాడాం, చిన్నప్పుడు రాలేదంట, కానీ పోయినేడు వాళ్ల బాబాయికి వచ్చిందంట, ఇంటెనక గొడ్లపాక ఆనుకునే వీడి మంచం. రేపు పొద్దున్నే ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నా, పాత రిపోర్టులన్నీ కవర్లో పెట్టా, ఆర్‌కే39 అని చీటీ మీద రాసుకున్నా. చీటీ వాడే జేబులో పెట్టుకున్నాడు.