ఇడ్లీ పాత్ర మీద తెల్లటి పొగ: ద్రవమా, వాయువా?

మధురవాడ_అమ్మ:
మా పాప అయిదో తరగతి. పోయిన వారం స్లిప్ టెస్టులో "ఇడ్లీ పాత్ర మూత తీస్తే వచ్చే తెల్లటి పొగ ఏ స్థితి?" అని ఇచ్చారు. ఇది "ద్రవం, చిన్న చిన్న చుక్కలు" అని రాసింది. ఎర్ర సిరాతో ఇంటూ కొట్టి, పక్కన "వాయువు" అని రాశారు టీచర్. నీటి ఆవిరి కంటికి కనపడదు కదా? అది చల్లబడి మళ్లీ నీటి చుక్కలయ్యాకే తెల్లగా కనపడేది. పాప రాసింది కరెక్టే అని నేనంటాను. బడి పేరు అడక్కండి, చెప్పను.

పెందుర్తి_మాస్టారు:
అమ్మా, ఇరవై రెండేళ్లుగా ఎలిమెంటరీ పిల్లలకి చెబుతున్నాను. మీరన్నది తప్పని అనను. కానీ ఆ వయసుకి నీళ్లకి మూడు రూపాలు: మంచుగడ్డ, నీళ్లు, ఆవిరి. తెలుగులో ఆవిరంటే ఏది? ఇడ్లీ పాత్రలోంచి వచ్చేదే. జలుబు చేస్తే దుప్పటి కప్పుకుని పట్టేదే. ఆ మాటని రెండుగా చీల్చబోతే ముందు వరసలో నలుగురికి ఎక్కుతుంది, మిగతా ముప్పై మంది గోడ మీద బల్లిని చూస్తారు. అయినా ఆ పొగలో వాయువు లేదంటారా? చుక్కకీ చుక్కకీ మధ్య ఉన్నదేంటి?

గాజువాక_గోపి:
ముందు ఇడ్లీ పిండి ఘనమో ద్రవమో తేల్చండి.

మధురవాడ_అమ్మ:
చీల్చడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు మాస్టారూ. కుక్కర్ మీద విజిల్ పెట్టకముందు గొట్టం మూతి చూడండి. బొటనవేలు పట్టేంత మేర ఏమీ కనపడదు. ఆ పైనుంచి తెల్లగా మొదలవుతుంది. ఆ ఖాళీగా కనపడే చోట ఉన్నదే అసలు ఆవిరి. ఇంకాస్త పైన తెల్లదనం కూడా మాయమైపోతుంది, చుక్కలు మళ్లీ ఆవిరై గాలిలో కలిసిపోతాయి. మా పాప స్టూలెక్కి, దూరంగా నిలబడి చూసి బొమ్మ కూడా వేసుకుంది. చూసి రాసిన పిల్లకి సున్నా, బట్టీ కొట్టిన వాళ్లకి మార్కు!

సీతమ్మధార_శ్రీను:
ఒక్క మార్కుకి ఇంత గోలా?

ఉక్కునగరం_తాతయ్య:
స్టీల్ ప్లాంట్ పవర్ హౌస్‌లో చేసి రిటైరయ్యాను. మాకిది మార్కు సంగతి కాదు బాబూ. హై ప్రెషర్ ఆవిరి లైను లీకైతే చప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉంటుంది, కంటికి మాత్రం ఏమీ ఆనదు. కర్రకి గుడ్డ చుట్టి ముందుకు చాచి నడిచేవాళ్లం. గుడ్డ ఎగిరిందా, అక్కడే ఆగిపోవాలి. తెల్లగా కనపడిందంటే అప్పటికే చల్లబడినట్టు లెక్క. ఒక గ్రాము ఆవిరి 100 డిగ్రీల దగ్గర నీరుగా మారేటప్పుడు దాదాపు 540 కేలరీలు వదులుతుంది. అదే గ్రాము మరిగిన నీళ్లు ఒంటి వేడికి చల్లారితే 60 చిల్లర, అంతే. ఆ పాపకి రెండు మార్కులు వెయ్యాలి.

పెందుర్తి_మాస్టారు:
తాతగారూ, మా బడిలో హై ప్రెషర్ లైను లేదండి. అయిదు క్లాసులకి ఇద్దరం. మూడో క్లాసుకి ఎక్కాలు పురమాయించి, అటు తిరిగి అయిదో క్లాసుకి పరిసరాల విజ్ఞానం చెప్పాలి. ఘనపదార్థం చూపిద్దామని ఓసారి సొంత డబ్బుతో ఐసు గడ్డ కొని బండి మీద తెచ్చాను. బడికి చేరేసరికి సగం పాఠం దారిలోనే అయిపోయింది. అందుకే మూడు మాటలు గట్టిగా నాటితే చాలంటాను. మిగతాది పై క్లాసుల్లో సరిచేస్తారు.

అరకు_పోస్టింగ్:
ఇక్కడ డిసెంబరు పొద్దున కొబ్బరినూనె సీసా బోర్లించినా చుక్క పడదు. అదే సీసా బస్సెక్కి వైజాగ్ దిగేసరికి నీళ్లలా అయిపోద్ది. అది గడ్డకట్టేది 24 డిగ్రీల దగ్గర. పాఠమంతా ఒక్క సీసాలో ఉంది, కొట్టుకోవడం దేనికి? గోపీ, నీ పిండిలో మూడూ ఉన్నాయి: రవ్వ ఘనం, నీళ్లు ద్రవం, పులిస్తే పుట్టేది వాయువు.

మధురవాడ_అమ్మ:
పై క్లాసుల్లో సరిచేస్తారా? డిగ్రీ అయ్యేదాకా నేను మేఘమంటే వాయువనే అనుకున్నాను. ఒక్కరు సరిచెయ్యలేదు.

పెందుర్తి_మాస్టారు:
అసలు సంగతి చెప్పండి. పేపరు పట్టుకుని బడికి వెళ్లారా లేదా? మొన్న మా బడికి ఒకాయన వచ్చి, సెల్‌ఫోన్లో గూగుల్ తెరిచి పిల్లలందరి ముందూ నా మొహాన పెట్టాడు. ఆ రోజు నుంచి వెనక కూచునే ఒకడు నేనేం చెప్పినా "చూసి చెప్తాం సార్" అంటున్నాడు. మీలాంటి వాళ్ల వల్లే ఇదంతా.

మధురవాడ_అమ్మ:
నేను వెళ్లలేదు. పాపే వెళ్లి "టీచర్, కుక్కర్ దగ్గర చూశాను" అంది. "టీచర్ని నేనా, నువ్వా?" అన్నారట. క్లాసంతా నవ్వారు. నిన్న రాత్రి నాతో ఏమందో తెలుసా? "పరీక్షలో వాయువని రాసేస్తానమ్మా, ఇంట్లో మాత్రం ద్రవం అనుకుందాం." నా బాధ మార్కు గురించి అనుకున్నారా మాస్టారూ?

గాజువాక_గోపి:
అయ్యో. ఏటండీ ఇది, చిన్న గుంటని అలా అంటారా?

పెందుర్తి_మాస్టారు:
ఆ మాట నేనూ అన్నాను. ఒకసారి కాదు. ముప్పై పేపర్లు దిద్దేటప్పుడు ఒకదాంట్లో వేరే జవాబు ఉంటే ఆగి ఎందుకు రాసిందో చదవను, అదీ నిజం. ఈసారి "మూత తీస్తే ఏం కనపడింది? ఎక్కడ కనపడలేదు?" అని ఇస్తాను, చూద్దాం ఏం రాస్తారో. కానీ ఆ పొగలో వాయువు కూడా ఉంది. ఆ ఒక్క మాటా వెనక్కి తీసుకోను.

ఉక్కునగరం_తాతయ్య:
చుక్కల మధ్య ఉన్నది చాలావరకు గాలండీ. ఆవిరి అందులో ఓ పాలు.

పెందుర్తి_మాస్టారు:
మరి గాలి వాయువు కాదా?