సెంటర్ అంటే నడుమేనా? పనిలో పనిగా ‘నా మూల సౌధంబు’

పొన్నూరు రోడ్డు:
రెండు రోజులుగా ఒక మాట బుర్రలో తిరుగుతోంది. ఇక్కడ పడేస్తే ఎవరో ఒకరు తేలుస్తారని ఆశ.

మాది గుంటూరు. ఎవరికి ఫోన్ చేసి ఎక్కడున్నావన్నా ‘సెంటర్లో ఉన్నా’ అంటారు. లాడ్జి సెంటర్, శంకర్ విలాస్ సెంటర్... ఒక్క ఊరికి ఇన్ని నడుములేమిటని ఎవరికీ అనుమానం రాదు. మా నాన్నగారికి మాత్రం ఆ మాట గిట్టేది కాదు. ‘సెంటర్ దాకా వెళ్ళొస్తా నాన్నా’ అంటే చాలు, నేను చెప్పులు వేసుకునేలోపే ‘అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు’ అని ఎత్తుకునేవారు. ‘విన్నావా, ఆయనే మూలనున్నాడు. నీకెందుకురా సెంటరు’ అని నవ్వేవారు. దానికి ఒక తోక కూడా ఉండేది. ‘అయినా అక్కడ మూలంటే మూల కాదనుకో...’ అని ఇంకేదో అనేవారు. ఆ ఇంకేదో నేను ఒక్కసారీ నిలబడి వినలేదు. అప్పటికే సైకిలెక్కి గుమ్మం దాటేసేవాణ్ణి. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

నావి రెండు ప్రశ్నలు. నాలుగు రోడ్లు కలిసే చోటుని మనవాళ్ళు సెంటర్ అని ఎందుకన్నారు? గజేంద్రమోక్షంలో పోతన గారి మూల, మూలేనా?

కోటగుమ్మం:
రెండోది తేలికండి. మూలసౌధం అంటే ప్రధాన సౌధం. మూలవిరాట్టు, మూలధనం, మూలపురుషుడు ఎలాగో ఇదీ అలాగే. చక్కటి సంస్కృత సమాసం. వైకుంఠం యజమానిని తీసుకెళ్ళి మూలగదిలో కూర్చోబెడతాడా పోతన? మీ నాన్నగారు చెప్పబోయింది ఇదే అయ్యుంటుంది. దీనికి చర్చ అనవసరం.

ఓరుగల్లు కోట:
అనవసరం అన్నారంటే మొదలైనట్టే. ‘అల’ అని ఎత్తుకున్నాడు, అంటే అదిగో అక్కడ. మళ్ళీ ‘ఆ మూల’. చెయ్యి చాపి చూపిస్తున్నాడు గదా! ‘ఆ మూలకున్న ఇల్లు’ అని మా దిక్కు ఇప్పటికీ అట్లనే చెప్తారు. ఊర్లో ప్రధాన భవనం ఏదో అందరికీ తెలుస్తుంది, దానికి ‘ఆ’ అని వేలు పెట్టి చూపెట్టుడు ఎందుకు? బమ్మెర మాకు దగ్గర. మా మాటతీరు పోతన పద్యంలో ఉంటే వింతేముంది?

మొదటి ప్రశ్న సంగతంటారా, మాకు ఆ బాధే లేదు. హనుమకొండ చౌరస్తా, వరంగల్ చౌరస్తా. నాలుగు దారులు కలిసినయి, అయిపోయింది. నడుమో మూలో ఎవరిక్కావాలి?

సప్తగిరి సర్కిల్:
అనంతపురం నుంచి ఒక మాట. మీకు సెంటర్ ఉంటే మాకు దాని చుట్టూ గీసిన గీత ఉంది, చూసుకోండి. విశాఖ వాళ్ళకి జగదాంబ జంక్షన్ ఉంది. కూడలి అన్న తెలుగు మాట మాత్రం పేపర్లోనే కనబడుతుంది. ‘కూడలిలో టీ తాగుదాం రా’ అన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

బమ్మెర పేరెత్తారు కాబట్టి చెప్తున్నా, ఒంటిమిట్ట వాళ్ళం కూడా ఇదంతా చదువుతున్నాం.

ఓరుగల్లు కోట:
పోతనది ఏ ఊరన్న ఏకశిలానగరం గొడవకు వేరే దారం పెట్టండి అన్నా. పోయినసారి మూడు వందల వ్యాఖ్యలు దాటింది.

లెక్కల మాస్టారు:
అసలు సెంటర్ వేరు, మిడిల్ వేరు. నలభై ఏళ్ళు వృత్తలేఖిని పట్టుకున్నవాణ్ణి, కాస్త వినండి. సెంటర్ అంటే చుక్క. మిడిల్ అంటే రెండు కొసల మధ్య జాగా. అందుకే రైల్లో మిడిల్ బెర్త్ ఉంటుంది కానీ సెంటర్ బెర్త్ ఉండదు. ఇంట్లో సెంటర్ టేబుల్ ఉంటుంది, మిడిల్ టేబుల్ అనం. మన బతుకు మిడిల్ క్లాసే, ఎంత సంపాదించినా సెంటర్ క్లాస్ కాదు. గ్రీకులో కెంత్రోన్ అంటే ముల్లు, ములుకర్ర మొన. వృత్తం గీసేటప్పుడు ముల్లు గుచ్చే చోటు కాబట్టి అదే పేరైంది. అది లాటిన్లోకి పోయి, అక్కణ్ణించి ఇంగ్లీషులోకి వచ్చి సెంటర్ అయింది. అదే మాట ఇంకో దారిన మన జ్యోతిషంలోకి వచ్చి కేంద్రం అయింది. కాబట్టి సెంటర్ పరభాష, కేంద్రం మన భాష అని మురిసిపోకండి. రెండూ ఒకే తల్లి పిల్లలు. మధ్య, మిడిల్ కూడా అంతే, దూరపు చుట్టాలు. ఆ లెక్కన అచ్చంగా మనదంటూ మిగిలేది నడుమ ఒక్కటే.

రోడ్ల సంగతికొస్తే, నాలుగు గీతలు ఖండించుకునే చోటు ఒక చుక్క. చుక్క కాబట్టి సెంటర్. అంతే.

కోటగుమ్మం:
చుక్కలో టిఫిన్ సెంటర్ ఎలా పట్టిందండీ మాస్టారూ? మా వీధిలో ఒకావిడ ఇడ్లీ బండికి కూడా ‘టిఫిన్ సెంటర్’ అని బోర్డు రాయించింది. జిరాక్స్ సెంటర్, చికెన్ సెంటర్, కోచింగ్ సెంటర్... సెంటర్ అంటే తెలుగులో కొట్టు అని ఒక అర్థం వచ్చేసింది. మా అమ్మాయికి ఎగ్జామ్ సెంటర్ ఊరికి పన్నెండు కిలోమీటర్ల అవతల, చుట్టూ జామతోటలున్న చోట పడింది. అది ఏ వృత్తానికి మధ్య?

అలంకార్ రెండో ఆట:
ఎవరూ సినిమా ఊసెత్తరేం? నా సిద్ధాంతం ఇది, కొట్టిపారేయండి చూద్దాం. సినిమా వాళ్ళకి సెంటర్ అంటే బొమ్మ ఆడే ఊరు. ఎ సెంటర్, బి సెంటర్, సి సెంటర్. ‘ఇన్ని కేంద్రములలో శతదినోత్సవము’ అని పోస్టర్లు పడేవి. అందులో డైరెక్టుగా ఆడినవెన్ని, హాళ్ళు మార్చి షిఫ్టింగులతో లాగినవెన్ని అని అభిమానులు కొట్టుకునేవాళ్ళు. ఆ మాటే రోడ్డు మీదికి దిగింది. విజయవాడలో అలంకార్ సెంటర్, విశాఖలో జగదాంబ జంక్షన్, రెండూ హాళ్ళ పేర్లే. జనం హాలు దగ్గర పోగయ్యేవాళ్ళు, పోగైన చోటు సెంటరైంది.

సప్తగిరి సర్కిల్:
మరి నెల్లూరు గాంధీబొమ్మ సెంటర్లో ఆడిన బొమ్మ ఏది?

అలంకార్ రెండో ఆట:
అది కూడా బొమ్మే కదండీ.

పంచాంగం:
మాస్టారు కేంద్రం గ్రీకు నుంచి వచ్చిందన్నారు, సంతోషం. కానీ జాతకంలో కేంద్రమంటే నడుమ కాదు. లగ్నం నుంచి 1, 4, 7, 10 స్థానాలు కేంద్రాలు. వాటి పక్కవి పణఫరాలు, ఆ పైవి ఆపోక్లిమాలు. ఈ రెండూ గ్రీకు మాటలే. ఏడో ఇంటిని జామిత్రం అంటాం. అది ‘డయామీటర్’ అనే మాటకి అన్నగారు.

ఇప్పుడు కాగితం తీసుకుని మనవైపు వేసే చతురస్రపు చక్రం వేయండి. పై వరుస ఎడమ మూల మీనం, కుడి మూల మిథునం. కింద కుడి మూల కన్య, ఎడమ మూల ధనుస్సు. మిథున లగ్నం అనుకోండి. ఒకటి మిథునం, నాలుగు కన్య, ఏడు ధనుస్సు, పది మీనం. నాలుగు కేంద్రాలూ నాలుగు మూలల్లో కూర్చున్నాయి! నడుమ ఖాళీ గడిలో ‘రాశి చక్రం’ అని రాసుకుంటాం, అక్కడ ఒక్క గ్రహమూ ఉండదు.

పొన్నూరు రోడ్డు గారూ, ‘మూలంటే మూల కాదనుకో’ తర్వాత మీ నాన్నగారు ‘కేంద్రం’ అని ఉంటారు. నాకైతే అనుమానం లేదు.

లెక్కల మాస్టారు:
పంచాంగం గారూ, మేష లగ్నం వేసి చూడండి. మేషం, కర్కాటకం, తుల, మకరం. ఒక్కటీ మూలన లేదు. పన్నెండు లగ్నాల్లో నాలుగింటికే మీ చమత్కారం పనిచేస్తుంది. మూడింట ఒక వంతు సిద్ధాంతానికి నేను పాస్ మార్కులు వేయను.

పంచాంగం:
పాస్ మార్కులు 35, నాకొచ్చినవి 33. గ్రేస్ మార్కులు కలిపితే పాసే కదా మాస్టారూ.

పొన్నూరు రోడ్డు:
బాగుంది కానీ మా నాన్నగారికి జాతకాల మీద నమ్మకం లేదండీ. లెక్కలంటే మరీ భయం.

సంధ్యావందనం:
ఆలస్యంగా వచ్చాను, మన్నించండి. ఇంతమంది మాట్లాడారు, ఎవరూ వ్యాసుడి శ్లోకం చూసినట్టు లేదు. సంస్కృత మూలంలో ఈ మూలే లేదు. అక్కడ హరి గరుడుడి మీద వచ్చేశాడు, అంతే. ఎక్కడి నుంచి బయల్దేరాడో చెప్పలేదు. ‘జగన్నివాసుడు’ అని ఊరుకున్నాడు వ్యాసుడు. లోకమంతా ఇల్లైనవాడికి అడ్రసేమిటని కాబోలు. పోతన ఊరుకోలేదు, అడ్రసు రాశాడు. పురం, పురంలో నగరు, నగరులో మేడ, మేడ దాపల మందారవనం, వనం లోపల అమృతసరస్సు, సరస్సు ఒడ్డున చంద్రకాంతశిల, దాని మీద కలువల పాన్పు. పోస్టుమేన్ కూడా ఇంత చక్కగా వెతుక్కోడు.

ఇంకో సంగతి గమనించారా? అంత చేసి మేడ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మేడలో లేడు. తోటలో ఉన్నాడు. పోనీ తోట మధ్య కొలను మధ్యలో ఉన్నాడా? లేదు, ‘సరః ప్రాంత’. ప్రాంతం అంటే ఇవాళ మనం ఏరియా అనుకుంటున్నాం కానీ అంచు అని అసలు అర్థం. కొలను గట్టున ఉన్నాడు. నడుమలోకి పోతున్నామనుకుంటూ చివరికి ఒడ్డున తేలాం. కాబట్టి ‘మూల సౌధం ప్రధాన సౌధం’ అని కోటగుమ్మం గారు గెలిచినా ఒరిగేదేమీ లేదు. ఆ ఇల్లు ఖాళీ.

కోటగుమ్మం:
ఖాళీ అయినా ఇల్లు ఇల్లే కదండీ. సమాసం సంగతి మాట్లాడండి. మూలసౌధం సిద్ధసమాసం, అతికినట్టుంది.

ఓరుగల్లు కోట:
మూలగది, మూలమలుపు, ఇవి అతకలేదా? మూల మన దక్షిణాది మాట. తమిళంలో మూలై, కన్నడలో మూలె. సంస్కృతం మూలం అంటే వేరు, మొదలు. రెండూ చూడ్డానికి ఒక్కతీరుగున్నాయని ఒకదాని చొక్కా ఇంకొకదానికి తొడిగితే ఎట్లా? గణాలు చూసినా మత్తేభంలో రెండు అర్థాలకీ గురువులు, లఘువులు ఒక్కటే. ఛందస్సు సాక్ష్యం చెప్పదు.

సంధ్యావందనం:
విడదీయడం కూడా రెండు రకాలు. ‘ఆ మూలసౌధంబు దాపల’ అనొచ్చు. లేదా ‘ఆ మూల’ దగ్గర కాస్త ఆగి ‘సౌధంబు దాపల’ అనొచ్చు. రెండోదైతే మూలనున్నది మేడ కాదు, తోట. నేను చిన్నప్పుడు బళ్ళో చదివేటప్పుడు మూల తర్వాతే ఊపిరి తీసుకునేవాణ్ణి. అది అర్థం తెలిసి కాదు, ఊపిరి చాలక.

పోతన ఈ పద్యం మధ్యలో ఆగిపోతే స్వామే వచ్చి పూరించి వెళ్ళాడని కథ చెప్పుకుంటాం కదా. కలం ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలుస్తోంది. ఇంటికి ఎడమా కుడా, మూలా నడుమా అని ఆయనకీ సందేహం వచ్చి ఉంటుంది. ఇంటాయనే వచ్చి దారి చెప్పాడు.

సప్తగిరి సర్కిల్:
ఈ ఒక్క ముక్కకి దండం. మా తాత ‘సిరికిం జెప్పడు’ దాకా వచ్చి గొంతు పూడుకుపోయి ఆపేసేవాడు. ఎన్నిసార్లు చదివినా అక్కడే. మిగతాది మా అవ్వ పూర్తి చేసేది, పొయ్యి దగ్గర నుంచే.

పొన్నూరు రోడ్డు:
మా ఇంట్లోనూ అంతేనండీ. కానీ సెంటర్ సంగతి ఏమైంది?

లెక్కల మాస్టారు:
చుక్క అని చెప్పాను కదా.

బందరు లడ్డు:
కృష్ణా జిల్లా కేంద్రం మచిలీపట్నం. పటం తీసి చూడండి, మా ఊరి తర్వాత సముద్రమే. కాకినాడ జిల్లా కేంద్రం కాకినాడ, అదీ అంతే. జిల్లాలో మేం ఏ వైపు చూసినా మధ్య కాదు, అయినా కేంద్రం మాదే. 1985లో మండలాలు వచ్చినప్పుడు మండల కేంద్రాలు కూడా అలాగే పెట్టారు, ఊళ్ళన్నీ ఒక వైపు, కేంద్రం ఇంకో వైపు. నేననేదేమంటే తెలుగులో సెంటర్, కేంద్రం అంటే పని మీద పోవాల్సిన చోటు. నడుమతో పని లేదు. టిఫిన్ సెంటర్ కైనా ఢిల్లీ కైనా అదే అర్థం. ‘కేంద్రం నిధులివ్వలేదు’ అంటే దేశం నడుమనున్న నాగపూర్ ఇవ్వలేదని కాదు కదా!

కోటగుమ్మం:
ఇది ఒప్పుకుంటున్నా. నిజంగా నడుమ అని చెప్పాలంటే మనం సెంటర్ అనం, ‘నడిరోడ్డు’ అంటాం. సెంటర్లో నిలబడ్డాడంటే కబుర్లు చెప్పుకుంటున్నాడని, నడిరోడ్డున నిలబడ్డాడంటే సర్వం పోయిందని.

సంధ్యావందనం:
నట్టేట మునిగాడు, నట్టింట దీపం, నట్టడివిలో దారి తప్పాడు. చిన్నయసూరి ఎంత ముచ్చటగా చెప్పాడు, మొదలుకి మొట్టమొదలు, నడుమకి నట్టనడుమ, తుదకి తుట్టతుద. మూడింటికీ ట్ట పెట్టి ఒక్క మూలకే పెట్టలేదు. మూల పక్షాన వాదించేవాళ్ళు ఆయన మీద కోపం తెచ్చుకోవాలి.

ఓరుగల్లు కోట:
మాకు ‘మారుమూల’ ఉంది. ట్ట అవసరం లేదు.

పొన్నూరు రోడ్డు:
అందరికీ ధన్యవాదాలు. ఇవాళ ఆదివారం కదా అని నాన్నగారి భాగవతం అటక మీంచి దించాను. అట్ట ఊడిపోయింది, అష్టమ స్కంధం దగ్గర ఒక పాత రైలు టికెట్టు ఉంది. పద్యం దొరికింది. ‘మూల’ కింద ఏ గీతా లేదు. ‘దాపల’ కింద పెన్సిలుతో గీశారు, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టారు. ఇన్నాళ్ళూ నేను తప్పు మాట మీద మిమ్మల్ని తిప్పానేమో.

కోటగుమ్మం:
దాపల తేలికండి. దాపు అంటే దగ్గర. దాపల అంటే పక్కన.

ఓరుగల్లు కోట:
దాపల అంటే ఎడమ. నాగలికి కట్టిన దాపటెద్దు ఏ వైపుంటదో ఎవరైనా రైతునడగండి.

లెక్కల మాస్టారు:
ఎడమే అనుకుందాం. ఎవరికి ఎడమ? వీధిలోంచి చూసే మనకా, లోపల్నించి చూసే ఆయనకా?